యాప్‌కు పరీక్ష కోతల ముందే పెట్టాలి

సంపాదకులకు,

దాళ్వా (రబీ వరి) కోతల వేళ ధాన్యం కొనుగోలు యాప్ మొరాయిస్తే, తేమ 17 శాతం లోపుండి కొనుగోలుకు పనికొచ్చే రాశి కూడా కల్లంలోనే ఉండిపోతుంది. ఆఫీసు వైఫైలో పది మంది నొక్కి చూసి ‘బాగుంది’ అనుకుంటే అది పరీక్ష కాదు. పొద్దున ఒకేసారి ఎందరు లాగిన్ అవుతారో లెక్కగట్టి, దానికి రెట్టింపు మంది వాడినంత లోడు కనీసం రెండు గంటలు పెట్టాలి. మెమరీ లీకులు (వాడిన మెమరీని ప్రోగ్రాం తిరిగి వదలకపోవడం) మొదటి ఐదు నిమిషాల్లో బయటపడవు మరి.

లంక గ్రామాల సిగ్నల్‌లా నూటికి ఐదు ప్యాకెట్లు (నెట్‌లో వెళ్లే డేటా ముక్కలు) పోగొట్టి, 500 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపి చూడాలి. అసలు చిక్కు అక్కడే. సర్వర్ నమోదు చేసుకుంటుంది, జవాబు మాత్రం ఫోన్‌కు చేరదు. సిబ్బంది మళ్లీ నొక్కుతారు, 40 బస్తాలు 80 అవుతాయి. ప్రతి నమోదుకూ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించి, అది రెండోసారి వస్తే సర్వర్ పాత జవాబే ఇచ్చేలా రాయాలి.

మెయిన్ నెట్ లైను కేబుల్ పీకి (నిజంగా చేత్తో పీకాలి, కాగితం మీద కాదు) రెండో లైను ఎన్ని సెకన్లలో అందుకుంటుందో చూడాలి. కొత్త వెర్షన్‌ను ముందు రెండు కొనుగోలు కేంద్రాలకే ఇచ్చి, రెండ్రోజులు తప్పుల శాతం గమనించాకే మిగతా చోట్లకు పంపాలి. తేడా వస్తే పది నిమిషాల్లో పాత వెర్షన్‌కు మళ్లే ఏర్పాటు కూడా ముందే చేసి చూసుకోవాలి.

- ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, అమలాపురం