శీనుగాడికి, గన్ కొనడం గురించి

ఒరేయ్ శీనూ,

పోయిన వారం ఫోన్లో ఒక మాటన్నావు, అమెరికాలో తుపాకీ కొనడమంటే కిరాణా కొట్టుకెళ్లి కిలో కందిపప్పు కట్టించుకున్నట్టేనట కదా అని. పక్కనే మీ చెల్లెమ్మ కూర్చుని ఉంది, ఆ మాటెత్తితే తనకి గిట్టదు, అందుకే వాతావరణం మీదకి మాట మార్చేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని చదువు.

నేను భాగస్వామిగా ఉన్న గ్యాస్ స్టేషన్ సంగతి తెలుసుగా, రాత్రి షిఫ్టు ఎక్కువగా నాదే. అదే రోడ్డులో ఇంకో స్టోర్లో దోపిడీ జరిగింది. అప్పట్నుంచి మా పార్ట్‌నర్ ఒకటే పోరు, కౌంటర్ దగ్గర ఒక పిస్టల్ ఉండాలని. తను కొని నాకిస్తే పోలేదా అంటే కుదరదు, ఇంకొకరి కోసం కొంటూ నాకోసమే అని సంతకం పెట్టడం ఇక్కడ పెద్ద నేరం. సరే అని డాలస్ దగ్గర్లో ఒక గన్ షాపుకి నేనే వెళ్లా.

నువ్వన్నది సగం నిజమేరా. ఎంచుకోవడం, ధర అడగడం అంతా ఫోను కొన్నంత మామూలుగా జరుగుతుంది. తర్వాత 4473 అని ఒక ఫారం చేతికిస్తారు. ఎత్తు, బరువు, జాతి, పుట్టిన చోటు రాశాక వరసగా ప్రశ్నలు: పెద్ద నేరంలో శిక్ష పడిందా, భార్యని కొట్టిన కేసులో దోషిగా తేలావా, కోర్టు నిన్ను మతిస్థిమితం లేనివాడిగా తేల్చిందా, గంజాయి వాడతావా. నీ రాష్ట్రంలో గంజాయి చెల్లినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని ఫారం మీదే హెచ్చరిక అచ్చేసి ఉంటుంది. పౌరసత్వం దగ్గర మనం ఇండియా అని రాసి గ్రీన్ కార్డు మీద ఉన్న నంబరు వేయాలి. గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు. హెచ్1బీ వాళ్లయితే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకీ చేత్తో పట్టుకోవడమే నేరం. మన కుర్రాళ్లు వీకెండ్‌లో షూటింగ్ రేంజికి వెళ్లి ఫోటోలు పెడుతుంటారు చూడు, ఆ గుండె ధైర్యం ఏమిటో నాకర్థం కాదు, వీసా మీదకి తెచ్చుకునే పని కాకపోతే. మీ మేనల్లుడు వస్తున్నాడన్నావుగా, వాడికి ఈ ముక్క గట్టిగా చెప్పు.

ఇక పేర్ల గోల. మధ్య పేరు లేకపోతే ఎన్ఎంఎన్ అని, ఒట్టి ఇనీషియలే ఉంటే దాని పక్కన ఐఓ అని రాయాలట. ఇంటిపేరు ముందుండే మనవాళ్లకి ఇదో పరీక్ష. నాకు తెలిసిన ఒకాయన పాస్‌పోర్టులో అంతా ఒకే గడిలో పడిపోయింది, దాంతో ఆయన డ్రైవింగ్ లైసెన్సులో మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని! షాపువాడు ఆయన్ని మిస్టర్ ఫ్నూ అని పిలిచాడంటే నవ్వాలో ఏడవాలో.

ఫారం నింపాక షాపువాడు ఎఫ్‌బీఐ వాళ్లని అడుగుతాడు. ఆ చెకింగ్ ఆఫీసు వెస్ట్ వర్జీనియాలో క్లార్క్స్‌బర్గ్ అనే ఊళ్లో ఉంది, 1998 నవంబర్ నుంచి నడుస్తోంది. 1981లో అధ్యక్షుడు రేగన్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ప్రెస్ సెక్రటరీ బ్రేడీ తలలో గుండు దిగింది, పాపం ఆయన మిగతా జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిపాడు. తుపాకీ కొనేవాళ్లని ఇలా చెక్ చేయాలన్న చట్టం 1993లో వచ్చింది, దానికి ఆయన పేరే పెట్టారు. కాల్చినవాడు ఆ రివాల్వర్ కొన్నదెక్కడో తెలుసా, మా డాలస్‌లోనే, ఒక తాకట్టు కొట్లో.

అటునుంచి వచ్చే జవాబు మూడే రకాలు: ప్రొసీడ్ (ఇవ్వొచ్చు), డినైడ్ (ఇవ్వకూడదు), డిలేడ్ (ఇంకా తేలలేదు, ఆగు). చాలామందికి నిమిషాల్లో ప్రొసీడ్ వచ్చేస్తుంది. నా పక్కన నిలబడ్డ పెద్దాయన డబ్బు కట్టి పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నాకు మాత్రం డిలే. ఎందుకని అడిగితే షాపువాడు భుజాలెగరేశాడు, కారణం వాడికీ చెప్పరు. వెనక నిలబడ్డవాళ్లు నన్నోసారి ఎగాదిగా చూశారు, అదొక నామోషీ. పౌరుడు కాకపోతే ఇమిగ్రేషన్ రికార్డులు కూడా చూస్తారు, దానివల్లే అయుండొచ్చు. లేదా నా పేరూ పుట్టిన తేదీ ఎవడో దొంగవెధవకి దగ్గరగా ఉండొచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాస్తే ఆ తికమక తగ్గుతుంది, అది రాయడం మన ఇష్టమే, నేను రాశాను కూడా.

అసలు విడ్డూరం ఇక్కడ మొదలవుతుందిరా. మూడు పనిదినాలు గడిచినా ఎఫ్‌బీఐ ఏమీ చెప్పకపోతే, చట్టం ప్రకారం షాపువాడు తన ఇష్టం మీద గన్ ఇచ్చేయొచ్చు. ఇవ్వకనూ పోవచ్చు. అంటే నేను మంచివాడినా కాదా అని అంత పెద్ద సర్కారు తేల్చలేకపోతే, ఆ బరువు తెచ్చి కౌంటర్ వెనక టోపీ పెట్టుకున్న కుర్రాడి నెత్తిన పెడతారు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకీ అలాగే దక్కింది. వాడి డ్రగ్స్ కేసు కాగితాల కోసం ఎఫ్‌బీఐ ఒక ఆఫీసుని అడిగితే అవి ఇంకో ఊరి పోలీసుల దగ్గరున్నాయి, ఈలోగా మూడు రోజుల గడువు దాటింది, షాపువాడు ఇచ్చేశాడు. వాల్‌మార్ట్ లాంటి పెద్ద షాపులు ప్రొసీడ్ రాందే ఇవ్వమని తమకు తామే నియమం పెట్టుకున్నాయి. నేను వెళ్లిన షాపూ అంతే. నాకు విసుగొచ్చిన మాట నిజమే, కానీ ఆ ఓనరు చేసిందే సరైనదని మా పార్ట్‌నర్‌తో గట్టిగా వాదించాను. వాడేమో నా హక్కు నేను అడుక్కోవాలా అంటాడు. టెక్సాస్‌లో పుట్టి పెరిగినవాడు మరి.

చివరికి ప్రొసీడ్ వచ్చింది, తెచ్చుకున్నా. తర్వాత ఇంటికని షాట్‌గన్ ఒకటి చూద్దామని వెళితే మళ్లీ డిలే! నిన్న కాక మొన్న క్లియర్ చేసిన మనిషినే కదా అంటే, అక్కడ ఆ రికార్డు ఉండదు. ప్రొసీడ్ ఇచ్చినవాళ్ల వివరాలు 24 గంటల్లోపు చెరిపేయాలి, ఎవరి దగ్గర తుపాకీ ఉందో సర్కారు దగ్గర జాబితా తయారవుతుందని ఇక్కడివాళ్లకి భయం. ఆ భయం పుణ్యమా అని నాలాంటివాడు ప్రతిసారీ కొత్త అనుమానితుడే. దీనికి విరుగుడు కూడా వాళ్లే పెట్టారు: వేలిముద్రలు పంపి, నా ఫైలు దాచుకోండి బాబూ అని మనమే అర్జీ పెట్టుకుంటే, పరిశీలించి యూపిన్ అని ఒక నంబరు ఇస్తారు. తర్వాత కొన్నప్పుడల్లా ఫారంలో అది రాయాలి.

మీ నాన్నగారి డబుల్ బ్యారెల్ లైసెన్సు రోజులు గుర్తొచ్చాయి. ఎస్సై ఇంటికొచ్చి వీధంతా వాకబు చేయడం, ఎన్నికలొస్తే తుపాకీ తీసుకెళ్లి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం. నెలలు పట్టినా ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఇక్కడ అడగడానికి టేబులే లేదు.

యూపిన్ అర్జీ పెట్టలేదులే. షాపతనే ఇంకో దారి చెప్పాడు: పిస్టల్ వెంట పెట్టుకుని తిరగడానికి టెక్సాస్ ఇచ్చే క్యారీ లైసెన్సు ఉంటే 4473 నింపాలి గానీ ఎఫ్‌బీఐకి ఫోను అక్కర్లేదు, ఆ చెకింగేదో రాష్ట్రం వాళ్లు లైసెన్సు ఇచ్చేటప్పుడే చేసేస్తారు. తమాషా ఏంటంటే 2021 నుంచి ఇక్కడ పిస్టల్ వెంట ఉంచుకోవడానికి చాలామందికి లైసెన్సే అవసరం లేదు, అయినా జనం ఈ డిలే గోల తప్పించుకోవడానికే క్లాసులకెళ్తున్నారు. వచ్చే శనివారం నాది, రాతపరీక్ష, గురి పరీక్ష రెండూ ఉన్నాయి. మీ చెల్లెమ్మకి ఇంకా చెప్పలేదు, నువ్వు ఫోన్లో నోరు జారకు.

నీ
రవి