టి3 తగ్గిందని థైరాయిడ్ మాత్ర మొదలెట్టొద్దు

సంపాదకులకు,

గుండెపోటుతో దెబ్బతిన్న గుండెను థైరాయిడ్ హార్మోన్ మళ్లీ నిలబెడుతుందంటూ వస్తున్న కథనాల్లో సగం నిజముంది. మిగతా సగం చెప్పకపోతే, ఇంట్లో ఇంకొకరు వాడే థైరాక్సిన్ డబ్బా తెరిచేవాళ్లుంటారన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాం.

నిజం ఎంతంటే, థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా టి4 (థైరాక్సిన్) అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది కణాల్లో టి3గా మారాకే అసలు పని మొదలవుతుంది. ముడుచుకున్న గుండె కండరం వదులు కావాలంటే కాల్షియంను కణం లోపలి అరల్లోకి లాగేయాలి. ఆ పని చేసే పంపు పేరు సెర్కా. దాని తయారీని పెంచేది టి3. రక్తనాళాలను సడలించి గుండె మీద భారం తగ్గించేదీ అదే. ఎలుకల్లో గుండెపోటు తెప్పించి టి3 ఇస్తే పంపింగ్ మెరుగైనట్లు ప్రయోగాలు చాలానే ఉన్నాయి. మనుషుల దగ్గరకొచ్చేసరికి లెక్క మారింది.

గుండెపోటు వచ్చిన తొలి రోజుల్లో చాలామందికి టి3 పడిపోతుంది. రిపోర్టులో టి3 తక్కువ, టి4 మామూలు, థైరాయిడ్‌ను పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే టీఎస్‌హెచ్ కూడా మామూలు. థైరాయిడ్ గ్రంథి పాడైందనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. గ్రంథి పాడైతే టీఎస్‌హెచ్ పెరగాలి. ఇక్కడ పెరగలేదు. పెద్ద జబ్బు చేసినప్పుడు శరీరమే టి4ను టి3గా మార్చడం తగ్గించి, పనిచేయని రివర్స్ టి3 వైపు మళ్లిస్తుంది. టి3 బాగా తగ్గినవాళ్లు సరిగా కోలుకోకపోవడం నిజమే. అయితే అది జబ్బు తీవ్రతకు గుర్తు కావచ్చు, కారణమే కానక్కర్లేదు.

కోలుకునే దశలో దీనికి తిరగబడి, టీఎస్‌హెచ్ కొన్ని వారాలు పెరిగి దానంతటదే దిగుతుంది. యాంజియోగ్రామ్ డై కూడా లెక్కను తారుమారు చేస్తుంది: 100 మిల్లీలీటర్ల డైలో 30 గ్రాములకు పైగా అయోడిన్ ఉంటుంది, మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే. గుండె లయ కోసం ఇచ్చే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలోనూ 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కుతుండగా తీసిన రక్తంలో ఫ్రీ టి4 (ప్రొటీన్లకు అంటుకోకుండా ఉన్న టి4) లేనిపోని పెరుగుదల చూపొచ్చు. అందుకే ఆసుపత్రిలో ఉండగా వచ్చిన స్వల్ప తేడాను పట్టుకుని మందు మొదలెట్టకుండా, 6 నుంచి 8 వారాల తర్వాత టీఎస్‌హెచ్, ఫ్రీ టి4 మళ్లీ చేయించాలి. టీఎస్‌హెచ్ 20 దాటినా, పెరిగిన టీఎస్‌హెచ్‌తోపాటు ఫ్రీ టి4 తగ్గినా మాత్రం ఆగకూడదు, డాక్టరు వెంటనే చూడాలి.

ఇక పరీక్షల సంగతి. గుండెపోటుతో పాటు టీఎస్‌హెచ్ కాస్త పెరిగిన 95 మందిపై బ్రిటన్‌లో లెవోథైరాక్సిన్ (మాత్రగా ఇచ్చే టి4) ప్రయత్నించారు. 2020లో జామా అనే వైద్య పత్రికలో ఫలితాలొచ్చాయి. ఏడాదికి మందు తీసుకున్నవాళ్ల ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనకు గుండె గది బయటకు నెట్టే రక్తం శాతం) 51.3 నుంచి 53.8 శాతానికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లది 54 నుంచి 56.1కి చేరింది. అంటే మందు వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. అంతకు చాలా ముందే అమెరికాలో, గుండెపోటు వచ్చిన పురుషులకు కొలెస్ట్రాల్ తగ్గించాలని థైరాక్సిన్‌కే మరో రూపమైన డెక్స్‌ట్రోథైరాక్సిన్ ఇచ్చారు. మరణాలు పెరగడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈ రెండో సంగతి కథనాల్లో ఎక్కడా కనిపించదు.

హైపోథైరాయిడ్ ఉండి ముందు నుంచీ మాత్ర వాడుతున్నవాళ్లు గుండెపోటు వచ్చిందని దాన్ని మానకూడదు. ఆసుపత్రిలో చేరగానే మోతాదు చెప్పాలి, లేకుంటే మందుల చీటీలో అది జారిపోతుంది. నిజంగా కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే, కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల పూర్తి డోసు వీళ్లకు పనికిరాదు. 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలెట్టి, 4 నుంచి 6 వారాలకోసారి అంతే పెంచుకుంటూ పోతారు. గుండె ఒక్కసారిగా వేగం పుంజుకుంటే ఆక్సిజన్ ఎక్కువ కావాలి, ఇరుకైన రక్తనాళం అంత అందించలేదు. దాంతో ఛాతీనొప్పి రావచ్చు, లయ తప్పవచ్చు.

మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాలు ఏమీ తినకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. గుండెపోటు తర్వాత కడుపు కోసం రాసే పాంటోప్రజోల్ వల్ల మందు తక్కువగా ఒంటబట్టవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు థైరాయిడ్ డోసు పెరిగేకొద్దీ రక్తం మరీ పలుచబడుతుంది కనుక రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవాలి.

గుండెదడ, ఛాతీలో పట్టేసినట్లు ఉంటే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మానేశాం కదా, రేపటికి సర్దుకుంటుందిలే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. లెవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది.