పలాస దగ్గర నా క్యాబిన్ తలుపు తట్టిన అన్నకు

అందరికీ నమస్కారం. నేను ఆకివీడు నుంచి హౌరాకు చేపల లోడు తోలే డ్రైవర్ని. పద్దెనిమిదేళ్లుగా ఇదే లైను. రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సరిచేసుకుని చదవండి. ఒక మనిషికి దండం పెట్టుకోవాలి. ఆయన పేరు గానీ ఫోన్ నంబరు గానీ నా దగ్గర లేవు కాబట్టి ఇలా రాస్తున్నాను.

మా పని తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. చెరువులో పట్టిన చేపకు ఐసు కొట్టి ట్రేలు సర్దితే సాయంత్రానికి బండి కదలాలి. హౌరా సుమారు 1,100 కిలోమీటర్లు. ఐసు కరిగితే సరుకు పోయినట్టే, అందుకని మధ్యలో ఆగడం ఉండదు. డ్రైవరుకు రోజుకు 8 గంటలే పని అని 1961లోనే చట్టం చేశారు. చేపల బండి మీద ఆ లెక్క నేనెప్పుడూ చూడలేదు. నేను కొత్తగా ఎక్కినప్పుడు పక్కన క్లీనర్ ఉండేవాడు. ఏదో ఒకటి మాట్లాడేవాడు, లేకపోతే ఒక పాటైనా పాడేవాడు. ఇప్పుడు చాలా బళ్లకు క్లీనర్ లేడు. రాత్రి పన్నెండు దాటితే ఎదురొచ్చే లైట్లు తప్ప మనిషి కనపడడు. ఆ టైములో ఇంటికి చేద్దామంటే పిల్లలు నిద్రలో ఉంటారు. లోడు దింపి నేను పడుకునే వేళకు వాళ్లు బడికి వెళ్లిపోతారు.

పోయిన ఏడాది మా అమ్మ పోయింది. కబురొచ్చేటప్పటికి నేను బాలాసోర్ దాటాను. లోడు మధ్యలో వదిలి రాలేను కదా. దింపేసి రైలెక్కి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. పెద్దకొడుకుని నేనుండగా మా తమ్ముడు తలకొరివి పెట్టాడు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా అప్పటి నుంచి నాకు నిద్ర పోయింది. అన్నం సయించేది కాదు. స్టీరింగ్ పట్టుకుంటే గుండె దడ. మా ఆవిడ ఫోన్ చేస్తే చిరాకు పడి పెట్టేసేవాణ్ణి, తర్వాత ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చేవాణ్ణి. తోటి డ్రైవర్లతో చెప్పుకుంటే పిచ్చోడంటారని భయం.

మొన్న శ్రావణంలో, వాన పడుతున్న రాత్రి, పలాస దగ్గర బండి పక్కకు తీసి ఆపేశాను. రెండున్నర అయి ఉంటుంది. ఇంజన్ ఆపితే వెనక నుంచి ఐసు నీళ్లు కారే చప్పుడు ఒక్కటే వినపడింది. ఇక బతకాలని లేదు అనిపించింది. ఆ మాట ఇక్కడ దాచను.

అప్పుడు క్యాబిన్ తలుపు తట్టారు. "ఏటి తమ్ముడూ, బండి ఆగిపోనాదా?" అన్నారు. శ్రీకాకుళం యాస, ఏభై దాటిన మనిషి. జీడిపప్పు లోడుతో రాజమండ్రి వైపు పోతున్నారట, నా బండి ఆగి ఉన్న తీరు చూసి అనుమానం వచ్చి తిరిగి వచ్చారట. నా ముఖం చూసి ఇంకేం అడగకుండా పైకెక్కి పక్కన కూర్చున్నారు. భుజం మీద తువ్వాలు తీసి చేతికిచ్చారు. ప్లాస్కు మూతలో టీ పోసిచ్చారు. చాలాసేపటికి నేను అమ్మ సంగతి చెప్పాను. ఆయన "అమ్మ పేరేటి?" అని అడిగారు. అమ్మ పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. పేరు చెప్పాను, ఆవిడ పెట్టే చిన్న చేపల పులుసు గురించి చెప్పాను, ఏవేవో చెప్పాను. ఆయన వింటూనే ఉన్నారు.

ఆ తర్వాత ఆయనే తన ఫోన్‌లో 14416 కొట్టి నాకిచ్చారు. వాళ్ల తమ్ముడి కొడుకు కోసం ఒకసారి చేశారట. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లు మాట్లాడుకోవడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను. 24 గంటలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. తెల్లవారుజామున మూడింటికి ఒకమ్మాయి ఎత్తింది. "బండి ఆపే ఉందా అండి? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని ముందు అడిగింది. తొందర పెట్టలేదు. అమ్మా, నువ్వెవరో తెలియదు, నీ కడుపు చల్లగా ఉండాలి.

మా ఓనరు గారికి కూడా రుణపడి ఉన్నాను. విషయం చెబితే "లోడు సంగతి నేను చూసుకుంటా, నువ్వు స్టీరింగ్ ముట్టుకోకు" అన్నారు. విశాఖ నుంచి వేరే డ్రైవర్ని పంపారు. అతను వచ్చేసరికి ఏడయింది. అంతవరకూ శ్రీకాకుళం అన్న కదల్లేదు. అవతల ఆయన లోడు లేటవుతోందని ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

తర్వాత పెద్దాసుపత్రిలో చూపించుకున్నాను. డాక్టరమ్మ డిప్రెషన్ అని చెప్పారు. మాత్రలతో మొదట్లో మత్తుగా ఉంటుంది, బండి తోలొద్దన్నారు. రెండు నెలలు ఇంట్లోనే ఉన్నాను. అన్నాళ్లూ మా ఆవిడ చీరలకు ఫాల్స్ కుట్టి ఇల్లు నడిపింది, రాత్రి నేను లేచి కూర్చుంటే తనూ లేచి కూర్చుంది. ఆమెకు థాంక్స్ అంటే చిన్న మాట అవుతుంది. ఇప్పుడు పగటిపూట భీమవరం లోకల్ ట్రిప్పులు తోలుతున్నాను. నిద్ర పడుతోంది. మా ఊరి డ్రైవర్లం నలుగురం మాట్లాడుకున్నాం, రాత్రి లైను మీద ఉన్నవాడు టీకి ఆగినప్పుడల్లా మిగతావాళ్లలో ఎవరికో ఒకరికి ఫోన్ చేయాలని. నిద్రలో లేపినా ఎవరూ విసుక్కోవడం లేదు.

అన్నా, మీ తువ్వాలు నా దగ్గరే ఉండిపోయింది. ఆకుపచ్చ అంచుది. ఉతికి మడతపెట్టి క్యాబిన్‌లో సీటు వెనక పెట్టాను. మీ బండి వెనక తలుపు మీద నెమలి బొమ్మ ఉంటుంది, అదొక్కటే గుర్తు. పలాస, టెక్కలి వైపు తిరిగే డ్రైవరన్నలెవరికైనా ఆయన కనపడితే నా సంగతి చెప్పండి. ఆకివీడు కుర్రాడు బాగున్నాడని చెప్పండి.