ఆల్టిమీటర్‌కి ఒక్క క్షణం కూడా కరెంటు పోకూడదు

ఒరేయ్ శీనూ,

నీ రాకెట్ స్లెడ్ (లోపల ఆల్టిమీటర్లూ బ్యాటరీలూ బిగించే పలక) ఫొటోలు మూడూ చూశాను. ప్లైవుడ్ పనికి వంక పెట్టడానికి లేదు. వైరింగ్‌లో మాత్రం వంకలే వంకలు. లెవెల్ 2 (పెద్ద మోటార్ల రాకెట్లకి సర్టిఫికెట్ పరీక్ష) ఫ్లైట్‌కి ఇంకా టైముంది కాబట్టి మొత్తం విప్పదీసి మళ్లీ కట్టు.

ఎత్తు కొలిచి పారాచూట్లు తెరిపించే కంప్యూటర్లు కదరా ఆల్టిమీటర్లంటే, ఆ రెండిటికీ కలిపి ఒకటే తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టావేంట్రా? ఆ ఒక్కటీ పోతే రెండూ జంటగా పోతాయి, ఇక రెండోది ఎందుకు? దేని బ్యాటరీ దానికి, దేని స్విచ్ దానికి, దేని ఈమ్యాచ్ (కరెంటు తగలగానే భగ్గుమని, పారాచూట్‌ని బయటికి తోసే మందు ఛార్జ్‌ని పేల్చే వత్తి) దానికి ఉండాలి. రెండిటి ఔట్‌పుట్లూ ఒకే ఈమ్యాచ్‌కి కలపడం కూడా వద్దు. బ్యాకప్ దానికి అపోజీలో (రాకెట్ అన్నిటికన్నా పైకి చేరినప్పుడు, చిన్న పారాచూట్ డ్రోగ్ తెరుచుకునే చోట) ఒక సెకను డిలే ఇవ్వు, కిందికొచ్చాక తెరుచుకునే మెయిన్ పారాచూట్‌కి వంద అడుగులు కిందికి సెట్ చెయ్యి. లేకపోతే రెండు ఛార్జులూ ఒకేసారి పేలి ట్యూబు చీలిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడు. నీ ఆల్టిమీటర్ స్ట్రాటోలాగర్ సీఎఫ్ ఊరికే ఉన్నప్పుడు తాగేది 1.5 మిల్లీయాంపులే. లాంచ్ ప్యాడ్ మీద మూడు గంటలు ఎండలో నిలబెట్టినా బ్యాటరీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అసలు పరీక్ష ఈమ్యాచ్‌కి కరెంటు వదిలే ఆ క్షణమే. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ లోపలే ఒకటిన్నర, రెండు ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. ఈమ్యాచ్‌ది ఇంకో ఒకటిన్నర. అంటే దాదాపు 3 యాంపులు పారతాయి, తొమ్మిదిలో సగం వోల్టులు బ్యాటరీ కడుపులోనే కరిగిపోతాయి. కంప్యూటర్‌కి మిగిలేది నాలుగు పైచిలుకు. దానికి కావలసిన కనీసమేమో 4! ఈమ్యాచ్ వెంటనే కాలి తెగిపోతుంది కాబట్టి సరిపోతోంది. కాలిన కొసలు ఒకదానికొకటి తగులుకున్నాయనుకో, షార్ట్ అయి వోల్టేజి సున్నాకి పడుతుంది. అప్పుడు కంప్యూటర్ ప్రాణం నిలిపేది బోర్డు మీది కెపాసిటరే. బ్యాటరీ పాతదైనా, చలికి గడ్డకట్టినా లోపలి రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రతి ఫ్లైట్‌కీ కొత్తది వెయ్యి. వేసేముందు 10 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్ ఒక్క సెకను తగిలించి మల్టీమీటర్‌లో చూడు. 8 వోల్టుల దగ్గర నిలబడాలి. 7 కన్నా దిగితే టీవీ రిమోట్‌కి కూడా పనికిరాదనుకో. ఉత్త మీటర్ పెట్టి 9.2 చూపిస్తోందని మురిసిపోకు, లోడ్ లేకుండా ముసలి బ్యాటరీ కూడా అంతే చూపిస్తుంది.

లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వేస్తానంటావేమో. వెయ్యి, కానీ దాని తలనొప్పి వేరు. రెండు సెల్స్‌ది నిండా ఛార్జయితే 8.4 వోల్టులు, లోపలి రెసిస్టెన్స్ లేనట్టే. ఒకటిన్నర ఓమ్ ఈమ్యాచ్‌లోకి ఐదున్నర యాంపులు తోస్తుంది, షార్టయితే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ మాడిపోతుంది. మాన్యువల్‌లో గరిష్ఠ కరెంటు ఎంతో చూసి, దాటేలా ఉంటే ఈమ్యాచ్ లైన్‌లో ఒక ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో వెయ్యి. ఇంకోటి, చిన్న గాడ్జెట్లకి వచ్చే లైపోల నెత్తిన ప్రొటెక్షన్ బోర్డు ఉంటుంది. ఈమ్యాచ్ లాగే కరెంటుని అది షార్ట్ సర్క్యూట్ అనుకుని బ్యాటరీనే కట్ చేసేస్తుంది, ఆల్టిమీటర్ గాల్లోనే గుడ్లు తేలేస్తుంది. ఆ బోర్డు లేని ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానాల ప్యాకే తీసుకో. జేఎస్‌టీ కనెక్టర్‌లో ఎర్రవైరు ఏ పక్కన ఉండాలో ఒక్కో కంపెనీది ఒక్కో దారి. మీటర్ పెట్టి చూడకుండా గుచ్చావో, బోర్డు పొగే!

బ్యాటరీని ఒక్క జిప్ టైతో వదిలేశావు. 6 కిలోల రాకెట్‌ని 1200 న్యూటన్ల మోటార్ తోస్తే దాదాపు 20 జీ (భూమి ఆకర్షణకి 20 రెట్లు). నీ 45 గ్రాముల బ్యాటరీ అప్పుడు 900 గ్రాముల బరువై తోకవైపు నొక్కుతుంది. ఛార్జ్ పేలి షాక్ కార్డ్ (రాకెట్ భాగాల్ని కలిపి ఉంచే తాడు) లాగినప్పుడు అటుకి ఇటు ఎగురుతుంది. కింద ఒక ఆనింపు చెక్క, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి జిప్ టై, పైన టేపు. టిచ్ బటన్లలా ఉండే ఆ బ్యాటరీ క్లిప్ వదులుగా ఉంటే, రేకుల్లా విచ్చుకున్న బటన్‌ని పట్టకారుతో కొంచెం నొక్కి బిగించు. బ్యాటరీ కూడా లోపల సెల్స్ వెల్డ్ చేసిన రకమే కొను. బిళ్లల్లా పేర్చి నొక్కిపెట్టినవి కుదుపుకి లోపలే తెగుతాయి. లైపోనైతే మరీ బిగించకు, దాని పక్కన స్క్రూ మొన కూడా రానివ్వకు.

వైర్లు 22 గేజ్ పోగుల వైరే వాడు. ఒంటి తీగ వైబ్రేషన్‌కి టెర్మినల్ అంచు దగ్గర విరుగుతుంది, పైన తొడుగు ఉండటంతో విరిగినట్టు కంటికి కనపడదు కూడా. స్క్రూ టెర్మినల్‌లో పెట్టే కొసకి సోల్డర్ పూశావు, నీటుగా ఉందని కదూ? సోల్డర్ మెత్తటిది, స్క్రూ కింద మెల్లగా అణిగిపోయి వారంలో వదులైపోతుంది. ఉత్త పోగులే మెలిపెట్టి బిగించు, లేదా ఫెరూల్ (చిన్న లోహపు గొట్టం) తొడుగు. బిగించాక ఒక్కో వైరునీ పట్టుకుని లాగి చూడు. ఈమ్యాచ్ వైర్ల జతని జడలా మెలివెయ్యి, పక్కన జీపీఎస్ ట్రాకర్ రేడియో ఉంటే దాని ప్రభావం తగ్గుతుంది. ట్రాకర్‌కి దాని బ్యాటరీ దానిదే. బల్క్‌హెడ్‌లో (స్లెడ్ ఉన్న గదిని మూసే అడ్డబిళ్లలో) వైర్లు దూరే రంధ్రాలని పుట్టీతో మూసెయ్యి. ఛార్జ్ గ్యాస్ లోపలికి దూరితే ప్రెషర్ సెన్సర్ తికమకపడుతుంది.

స్లైడ్ స్విచ్ తీసి పారెయ్యి. దాని మీట రాకెట్ పొడవునా జరుగుతుంది, అదే దిశలో కుదుపూ వస్తుంది. స్క్రూ స్విచ్ పెట్టు, చవక, మొండిది.

కట్టడం అయ్యాక ఈమ్యాచ్‌ల బదులు క్రిస్మస్ లైట్ల దండలోని చిన్న బల్బులు తగిలించి, ఆల్టిమీటర్‌ని మూతలో గొట్టం దిగిన జాడీలో పెట్టి గాలి పీల్చు, మెల్లగా వదులు. అపోజీ బల్బు, తర్వాత మెయిన్ బల్బు వెలగాలి. ఆ తర్వాత మందు లేకుండా ఉత్త ఈమ్యాచ్‌లతో ఆరుబయట ఇంకోసారి చెయ్యి.

ఎన్ఏఆర్, ట్రిపోలీ (రాకెట్లు ఎగరేసేవాళ్ల సంఘాలు) రెండిటి నియమాల ప్రకారం రాకెట్ ప్యాడ్ మీద లాంచ్ పొజిషన్‌లో ఉంటే తప్ప ఛార్జుల సర్క్యూట్ లైవ్‌లో ఉండకూడదు. ఈమ్యాచ్‌లు తగిలించేటప్పుడు స్విచ్‌లు ఆఫ్. నిలబెట్టాక ఒక్కోటీ ఆన్ చేసి, మూడేసి బీప్‌లు విను. స్ట్రాటోలాగర్ భాషలో మూడంటే రెండు ఈమ్యాచ్‌లూ తగిలి ఉన్నట్టు, ఒకటంటే డ్రోగ్ మాత్రమే, రెండంటే మెయిన్ మాత్రమే. రెండు ఆల్టిమీటర్లూ మూడేసి కొట్టాకే మోటార్‌లో ఇగ్నైటర్ పెట్టు.

మళ్లీ కట్టాక ఫొటోలు పంపు. ఈసారి టెర్మినళ్ల దగ్గర నుంచి తియ్యి, ప్లైవుడ్ ఇప్పటికే చూసేశాను.

నీ
కిట్టు