తామరకు స్టెరాయిడ్ ట్యూబు అమ్మకండి

సంపాదకులకు నమస్కారం. మా అమ్మకు నడుము దగ్గర, చీర కుచ్చిళ్లు దోపుకునే చోట, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ లేచి దురద పెడుతుంటే మెడికల్ షాపులో అడిగి ట్యూబు తెచ్చాం. రెండు రోజుల్లో దురద పోయింది. నెల తిరిగేసరికి అంచులు పొలుసులు కట్టి అది అరచేయంత అయింది, చెల్లికీ అంటుకుంది. చర్మం డాక్టరు గారు ట్యూబు మీది సన్నటి అక్షరాలు చూపించారు, క్లోబెటసాల్ అని. అది బలమైన స్టెరాయిడ్. ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది గానీ తామర తెచ్చేది ఫంగస్ కదా, చర్మం దాంతో పోరాడే శక్తిని స్టెరాయిడ్ తగ్గించేసరికి అది ఇంకా పాకిపోతుంది.

పైగా 2020లో పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది, చాలాసార్లు తామరకు వాడే టెర్బినాఫిన్ మాత్రలకు కూడా లొంగడం లేదు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం 2018లోనే చెప్పింది. అయినా అడగ్గానే చేతిలో పెడుతున్నారు, ఎంత అన్యాయం! డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు దయచేసి షాపులు తనిఖీ చేయండి. మచ్చ మాయమైనా తాను రాసిన మందు ఆపొద్దని, తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే ఉండాలని డాక్టరు గారు చెప్పారు. అమ్మ ఇంకా మందు వాడుతూనే ఉంది.

– ఒక పాఠకురాలు, ఖమ్మం