వీడియో నిజమో కాదో తేల్చడం నేర్పండి

సంపాదకులు గారికి,

వంతెన కూలిందంటూ మొన్న మా గ్రూపులో ఒక వీడియో తిరిగింది. గుండె గుభేలుమంది. ఆపి ఆపి చూస్తే, వెనక దుకాణం బోర్డు మీదున్న లిపి వాళ్లు చెప్పిన చోటిది కాదు. స్క్రీన్‌షాట్ తీసి ఫొటోను బట్టి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వేశాను. అదే దృశ్యం నాలుగేళ్ల నాటి వార్తలో దొరికింది. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు.

అందరికీ అందుబాటులో ఉన్న ఫొటోలు, మ్యాపులు, రికార్డులతో నిజం తేల్చే ఈ పనినే ఓపెన్ సోర్స్ పరిశోధన అంటారు. 2014లో తూర్పు ఉక్రెయిన్ మీద మలేసియా ఎయిర్‌లైన్స్ వారి ఎంహెచ్17 ప్రయాణికుల విమానాన్ని క్షిపణితో కూల్చేస్తే 298 మంది చనిపోయారు. జనం తీసిన ఫొటోలను, వీడియోలను ఒక్కొక్కటిగా మ్యాపులో గుర్తిస్తూ ఇలాంటి పరిశోధనలే చేసే బెల్లింగ్‌క్యాట్ బృందం, ఆ క్షిపణిని మోసుకొచ్చిన ‘బుక్’ (Buk) అనే రష్యన్ తయారీ వాహనం వచ్చిన దారి పట్టుకుంది. చోటు, తేదీ తెలిస్తే నీడను బట్టి ఫొటో ఏ వేళ తీశారో కూడా అంచనా వేయొచ్చు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు తీసే చిత్రాలు ఉచితమే, దాదాపు ఐదు రోజులకోసారి కొత్తవి వస్తాయి. చెరువు పూడ్చేశారా అన్నది వాటిలో చూసుకోవచ్చు. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు కాబట్టి మనుషులు కనపడరనుకోండి.

తొందరపడితే మాత్రం కొంప మునుగుతుంది. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో కొందరు ఏ పాపం ఎరగని విద్యార్థిని అనుమానితుడిగా చూపించారు.

మీరు వారానికో ఫొటో అచ్చువేసి, అది ఎక్కడిదో పాఠకులనే కనుక్కోమనండి. కనుక్కునే పద్ధతిని మరుసటి వారం వివరంగా ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు