మా దగ్గర జతగా కొన్న జపనీస్ ఫ్రేముల గురించి

అందరికీ నమస్తే. మా షాపులో జపనీస్ అక్షరం ఉన్న ఫ్రేములు జతగా కొన్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఆ జతలో ఎడమవైపు ఫ్రేములో అక్షరం తిరగబడి ఉంది. తప్పు పూర్తిగా మాదే.

వింటేజ్ లుక్ అడిగేవాళ్లకు అన్నీ జంటగా కావాలి. పెద్ద అద్దానికి అటొక ఇత్తడి దీపం, ఇటొక దీపం, వెల్వెట్ సోఫాకి రెండు పక్కలా నల్ల పాలిష్ బల్లలు. ఆ లెక్కలోనే మేము 'యుమె' అనే అక్షరాన్ని, అంటే 'కల', కుడివైపుకి మామూలుగానూ ఎడమవైపుకి అద్దంలో కనబడేలా తిప్పి ప్రింట్ వేయించాం, బంగారు రంగు ఫ్రేములో చూస్తే నిజంగానే చాలా బాగుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పోయిన నెల, జపాన్‌లో ఉద్యోగం చేసి వచ్చిన ఒక కస్టమర్ దాని ముందు ఆగి, "మన 'అ'ని తిప్పి రాసి హాల్లో తగిలిస్తారా అండీ?" అని అడిగారు. కింద ఉన్న ఎర్ర ముద్ర, అంటే రాసినవాళ్ల సంతకం లాంటిది, అదీ తిరగబడే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత చదివితే తెలిసింది, తకువాన్ సోహో అనే జెన్ బౌద్ధ గురువు 1645లో చనిపోయే ముందు ఆఖరిగా రాసింది ఈ ఒక్క అక్షరమేనట. దాన్ని మేము డిజైన్ అనుకుని తిప్పేశాం. చాలా బాధేసింది.

మొత్తం 19 ఇళ్లకు ఆ జతలు వెళ్లాయి. బిల్లు లేకపోయినా పర్వాలేదు, ఫ్రేములు తెచ్చివ్వండి, డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం. తేవడం కుదరకపోతే మా అబ్బాయే వచ్చి దించుకుని వెళ్తాడు.

ఇకమీదట ప్రింట్లు అమ్మం. జపాన్‌లో ఉండే ఒక కాలిగ్రఫీ టీచర్ చేత్తో రాసినవే తెప్పిస్తున్నాం, చేత్తో చేసిన వాషి అనే జపాన్ కాగితం మీద, మసి, జిగురు కలిపి చేసే సుమి సిరాతో. ధర దాదాపు రెట్టింపవుతుంది, ఆర్డర్ ఇచ్చాక రెండు నెలలు ఆగాలి. జంట కావాలనుకునేవాళ్లు నిరాశపడక్కర్లేదు. జపాన్‌లోనే రెండు స్క్రోల్స్, అంటే చుట్టిపెట్టుకోగలిగే పొడవాటి పటాలు, పక్కపక్కన వేలాడదీసే పద్ధతి ఉంది, కాకపోతే రెండూ వేర్వేరుగా ఉంటాయి, ఒకదానికొకటి నకలు కాదు. పాత పద్ధతిలో రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక ముందు చదవాల్సినది కుడివైపుకి రావాలి.

షాండ్లియర్, ఇత్తడి, వెల్వెట్ మధ్య జపాన్ వస్తువు నప్పుతుందా అని చాలామంది అడుగుతారు. నప్పుతుంది. టోక్యోలో 1933లో అసాకా యువరాజు కట్టించుకున్న ఇల్లు మొత్తం ఆర్ట్ డెకో, అంటే 1920, 30ల నాటి యూరప్ అలంకరణ పద్ధతే, ముఖ్యమైన గదులు ఫ్రెంచ్ డిజైనర్ ఆన్రీ రాపాన్ డిజైన్ చేశారు, గాజు తలుపులు ఫ్రెంచ్ గాజు కళాకారుడు రెనె లలీక్ చేసినవి. ఇప్పుడది మ్యూజియం, ఫొటోలు చూడండి. నా మాటగా చెప్పేది ఒకటే, అక్షరం ఉన్న గోడ మీద ఇంకేమీ పెట్టకండి. వాల్‌పేపర్ పూల డిజైన్‌ది అయితే ఆ ఒక్క గోడకీ వద్దు. ముదురాకుపచ్చ గానీ మెరూన్ గానీ సాదా రంగు వేయిస్తే తెల్ల కాగితం, నల్ల సిరా కొట్టొచ్చినట్టు కనబడతాయి, ఆ చిన్న ఎర్ర ముద్ర మెరూన్ వెల్వెట్‌తో భలే కలుస్తుంది.

ఎండ నేరుగా పడే చోట, ఏసీ గాలి తగిలే చోట వద్దు. ఫ్రేము కట్టిస్తే కాగితానికి, అద్దానికి మధ్య ఖాళీ ఉండాలి, లేకపోతే వానాకాలంలో చెమ్మకి అంటుకుపోతుంది. స్క్రోల్ అయితే ఏడాదంతా వేలాడదీయకుండా కొన్ని వారాలుంచి చుట్టి పెట్టెలో పెట్టేయండి, అక్కడ వాళ్లు చేసేదీ అదే.

మొదటి జత వచ్చే ఆదివారానికల్లా షాపులో ఉంటుంది. దగ్గరగా చూసి, నచ్చితేనే ఆర్డర్ ఇవ్వండి. పాత ఫ్రేములు తెచ్చేవాళ్లు కూడా అదే రోజు రావచ్చు, డబ్బు సిద్ధంగా ఉంచుతాను.